పోర్ట్ ఆఫ్ స్పెయిన్: కాలినడకన చూడాల్సిన ఊరు

కరీబియన్ దీవి దేశం ట్రినిడాడ్-టొబాగో రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌కు వెళ్లేవాళ్లు ముందుగా తేల్చుకోవాల్సింది ఏ పేటలో దిగాలన్నది. సముద్రపు ఒడ్డున పెద్ద హోటళ్లున్నాయి. కొండవాలున 1962 నాటి హిల్టన్ ఉంది. దాని లాబీ అన్నిటికన్నా పైన, గదుల అంతస్తులు కిందికి దిగుతూ ఉంటాయి. ఆ కట్టడాన్ని ఒకసారి చూసి రావచ్చు. నడిచి ఊరు తిరగాలనుకుంటే మాత్రం వుడ్‌బ్రూక్‌లోనే గది తీసుకోండి. చెక్క నగిషీల పాత ఇళ్లు, చిన్న గెస్ట్ హౌస్‌లు ఉన్న పేట అది. సవానా మైదానం, క్రికెట్ స్టేడియం, సెయింట్ జేమ్స్ పేట అన్నీ అక్కడి నుంచి నడక దూరమే. మేం దిగిన చోట గది ఇరుకు, వేడినీళ్లు ఒక పూట వస్తే మరో పూట రావు. కానీ పొద్దున్నే వేయించిన ‘బేక్’ రొట్టె, టమాటా చోకా పెట్టేవాళ్లు. టమాటాలు నిప్పుల మీద కాల్చి, చిదిమి, వెల్లుల్లి వేసి, పైన కాగిన నూనె పోస్తారు. అచ్చం మన కాల్చిన టమాటా పచ్చడి రుచి.

నగర కేంద్రానికి ఉదయమే వెళ్లాలి. వుడ్‌ఫోర్డ్ స్క్వేర్ చెట్ల కింద ఎరిక్ విలియమ్స్ జనానికి చరిత్ర, రాజకీయం బోధించారు. 1962లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఆయనే ప్రధాని. ఎదురుగా పార్లమెంటు భవనం రెడ్ హౌస్. 1990 జులైలో సాయుధులు చొరబడి పార్లమెంటు సభ్యులను బందీలుగా పట్టుకున్నది ఇక్కడే. 2013లో మరమ్మతులు చేస్తుండగా ఈ భవనం కింద ఆదిమవాసుల ఎముకలు, వాళ్లు వాడిన వస్తువులు బయటపడ్డాయి. స్పెయిన్‌వాళ్లు రాకముందే ఇక్కడ మనుషులు బతికారన్న సంగతి తెలిసి ఆ మెట్ల ముందు నిలబడితే ఊరు వేరుగా కనిపిస్తుంది. అక్కడి నుంచి కొద్ది దూరంలోనే ఆంగ్లికన్ల హోలీ ట్రినిటీ చర్చి, క్వీన్ స్ట్రీట్‌లో జామా మసీదు, చైనీయుల దుకాణాలున్న షార్లెట్ స్ట్రీట్. ఫ్రెడరిక్ స్ట్రీట్ బట్టల దుకాణాలు కూడా చూడదగ్గవే. కానీ షాపులు మూసేశాక ఈ వీధులు ఖాళీ అవుతాయి. చీకటి పడ్డాక అక్కడ నడవవద్దని స్థానికులే చెబుతారు. ఆ మాట వినండి. తూర్పున లావెంటిల్ కొండల వైపు తెలిసినవాళ్లు తోడు లేకుండా వెళ్లకండి.

క్వీన్స్ పార్క్ సవానా సుమారు 260 ఎకరాల మైదానం. పడమటి అంచున వరసగా ఏడు భవంతులున్నాయి. క్వీన్స్ రాయల్ కాలేజీ 1904లో కట్టినది. స్టోల్‌మేయర్ కోట స్కాట్లాండ్ కోటల తీరులో ఉంటుంది. ఎండ తగ్గాక మైదానం చుట్టూ నడవండి, కొబ్బరి బొండాలు దొరుకుతాయి.

ఈ ఊళ్లో ఒక్క పూటే సమయం ఉన్నా ఆ పూట సెయింట్ జేమ్స్‌కే ఇవ్వమంటాను. కలకత్తా, బొంబాయి, మద్రాస్, ఢిల్లీ అన్నీ అక్కడ వీధుల పేర్లు. హైదరాబాద్ స్ట్రీట్ కూడా ఉంది. ఆ బోర్డు కింద నిలబడి కాసేపు కదలలేకపోయాను. 1845 మే 30న ఫతెల్ రజాక్ ఓడ కలకత్తా నుంచి తొలి ఒప్పంద కూలీలను ఇక్కడికి తెచ్చింది. 1917 దాకా లక్షా నలభై వేల మందికి పైగా వచ్చారు. మద్రాసు రేవు నుంచి వచ్చిన ఓడల్లో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. చెరకు తోటల్లో వాళ్ల చెమట ఎంత కారిందో చెప్పే స్మారకాలు మాత్రం పెద్దగా కనిపించవు.

ఇక్కడి మొహర్రం ఊరేగింపు పేరు హోసే. డప్పుల మోత మధ్య తాజియాలను, అంటే అలంకరించిన సమాధి నమూనాలను, మోస్తారు. హిందువులు, ఆఫ్రికా సంతతివాళ్లు కూడా కలిసి నడుస్తారు. పీర్ల పండుగ చూసి పెరిగినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. 1884లో శాన్ ఫెర్నాండో దగ్గర ఇదే ఊరేగింపు మీద బ్రిటిష్ పోలీసులు కాల్పులు జరిపి పలువురిని చంపారు. అయినా పండుగ ఆగలేదు.

ఈ వీధుల్లో డబుల్స్ తినకుండా వెనుదిరగకండి. బండి ఆవిడ కాగితం మీద పసుపు కలిపి వేయించిన రెండు మెత్తని ‘బారా’ రొట్టెలు ఒకదాని అంచు మీద ఒకటి పరిచి, ఉడికిన శనగల కూర గరిటెతో వేసి, చింతపండు చట్నీ, దోసకాయ తురుము చల్లి, కాగితం మెలితిప్పి చేతికిస్తుంది. శాకాహారులకు ఇంతకన్నా మంచి ఫలహారం ఊళ్లో లేదు. కారం ఎంత కావాలని అడిగితే కొంచెమే చాలనండి. మొరుగా స్కార్పియన్ మిరప పుట్టిన దీవి ఇది, గుంటూరు నాలుకలకూ అది తక్కువేం కాదు.

తిరిగి వచ్చేటప్పుడు క్వీన్స్ పార్క్ ఓవల్ ముందు ఆగాం. 1971లో వెస్టిండీస్‌పై భారత్ తొలి టెస్టు విజయం సాధించింది ఇక్కడే, గావస్కర్ తొలి టెస్టు అదే, మన హైదరాబాదీ సయ్యద్ అబిద్ అలీ కూడా ఆ జట్టులో ఆడాడు. సాయంత్రాలు పాన్ యార్డులకు, అంటే స్టీల్‌పాన్ బృందాలు సాధన చేసే ఆవరణలకు, వెళ్లండి. నూనె పీపాలతో పుట్టిన స్టీల్‌పాన్ వాద్యాన్ని సిల్వర్ స్టార్స్, ఫేజ్ టూ వంటి బృందాలు సాధన చేస్తుంటే దగ్గర నుంచి వినవచ్చు. నా మటుకు ఏ కచేరీ కన్నా ఆ సాధనే మిన్న.

నడక కుదరనప్పుడు మ్యాక్సీ ట్యాక్సీలనే మినీ బస్సులు, షేరు ట్యాక్సీలు చవక. నంబరు ప్లేటు ‘హెచ్’తో మొదలైతేనే ఎక్కండి. పియార్కో విమానాశ్రయం నుంచి వచ్చేటప్పుడు కారెక్కకముందే చార్జీ మాట్లాడుకోవాలి. ఫిబ్రవరి-మార్చిలో వచ్చే వీధి పండుగ కార్నివాల్ రోజుల్లో గదుల అద్దెలు విపరీతంగా పెరుగుతాయి, వీధుల్లో నడిచే చోటే ఉండదు. అది ముగిసిన తర్వాతి వారాల్లో వెళ్లండి: వానలుండవు, సవానా చుట్టూ పూయీ చెట్లు పూస్తుంటాయి.