ఎక్స్‌ట్రా కేర్ వసతిలో వ్యక్తిగత సంరక్షణ: మా అనుభవం

ఇంగ్లండులో మా పెద్దమ్మగారు ఉంటున్న ఎక్స్‌ట్రా కేర్ గృహ సముదాయంలో (పెద్దవారు తమ సొంత ఇంట్లో ఉంటూనే అక్కడే సంరక్షణ పొందే వసతి) స్నానం చేయించడం, దుస్తులు తొడగడం, మందులు అందించడం వంటి పనులను ఉదయం వచ్చే సహాయకురాలు తలుపు తట్టి అనుమతి అడిగిన తరువాతే ఓర్పుగా చేస్తారు. చీర కుచ్చిళ్లు సర్దడం కూడా ఆమె నేర్చుకున్నారు, అది ఏ ప్రణాళికలోనూ రాసి లేదు. సాయంత్రం మాత్రం తరచుగా కొత్తవారు వచ్చి, సంరక్షణ ప్రణాళికను చదవకుండానే తొందరపెడతారు. ఇంగ్లండులో సంరక్షణ సేవలను నియంత్రించే సంస్థ అయిన కేర్ క్వాలిటీ కమిషన్ ఇటువంటి చోట్ల తనిఖీ చేసేది వ్యక్తిగత సంరక్షణనే గాని, వేరే ఒప్పందం కింద ఉండే ఇంటిని కాదు. కనుక ఆ సంస్థ ఇచ్చిన ‘గుడ్’ (బాగుంది) అనే రేటింగును చూసి లిఫ్టు, భోజనశాల కూడా బాగుంటాయని అనుకోకూడదు. మా ఫిర్యాదు తరువాత సాయంత్రాలకు ఇద్దరిని స్థిరంగా కేటాయించారు, ఆదివారాలు ఇంకా పాత తీరే.