అరకు గిరిజన మ్యూజియం చూడాలంటే శుక్రవారం వెళ్లండి

అరకు వెళ్లేవాళ్ల ప్లాన్‌లో గిరిజన మ్యూజియం ఎప్పుడూ చివర్లోనే ఉంటుంది. బొర్రా గుహలు, వ్యూ పాయింట్లు, బొంగులో చికెన్ అయ్యాక టైం మిగిలితే ఓ చూపు చూసి వచ్చేస్తారు. నన్నడిగితే ముందు దీనికే గంటన్నర ఇవ్వండి.

మట్టి ఇళ్ల తీరులో కట్టిన భవనం అది. బగత, కొండదొర, పోర్జ, గదబ, కోటియా తెగల జీవితాన్ని నిలువెత్తు బొమ్మలతో చూపించారు. పెళ్లి తంతు, వంట పని, వేట, థింసా నృత్యం. జనం బొమ్మల పక్కన సెల్ఫీలతో ఆగిపోతారు గానీ, అసలు నిలబడి చూడాల్సింది సామాన్లని. విల్లంబులు, నగలు, వంట పాత్రలు, వాయిద్యాలు. థింసాకి డప్పు ఒక్కటే కాదు, తుడుము, మోరి, కిరిడి, జోడుకొమ్ములు కూడా కావాలి. ఒకప్పుడు గదబ ఆడవాళ్లు కెరంగ్ చెట్టు నారతో తామే నేసుకున్న చారల బట్ట కట్టేవారు. ఇలాంటివి చెప్పే మనిషి పక్కనుంటే చూపే మారిపోతుంది. అందుకే ఊళ్లోవాళ్లనే ఒకరిని గైడ్‌గా మాట్లాడుకోండి.

శుక్రవారం ఎందుకంటే, ఆ రోజు అరకు సంత. చుట్టుపక్కల కొండ గూడేల నుంచి చోళ్లు (రాగులు), అల్లం, పసుపు, అడ్డాకులు దిగుతాయి. మ్యూజియంలో పాతకాలం సంగతి అనుకున్న కావడి ఇక్కడ ఇంకా భుజం మీదే కనిపిస్తుంది. పొద్దున మ్యూజియం, ఆ తర్వాత సంత. ఈ వరుసలో చూస్తేనే రెండూ అర్థమవుతాయి. ఒక్క మాట, సంతలో అడగకుండా ఎవరి మొహానా ఫోన్ పెట్టకండి. వాళ్లు బొమ్మలు కారు.

పక్కనే ఉన్న కాఫీ మ్యూజియంలో నేను ఎక్కువసేపు ఉండలేదు, రద్దీ మరీ ఎక్కువ. కాఫీ మాత్రం తాగాల్సిందే. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మ్యూజియం కన్నా తోటలోకి వెళ్లి సిల్వర్ ఓక్ నీడలో కాఫీ మొక్కల్ని, ఆ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగల్ని చూడటమే నాకు నచ్చింది.

బస విషయంలో కాస్త జాగ్రత్త. మేం దిగిన ప్రైవేటు లాడ్జిలో ఇరవై నాలుగు గంటలూ వేడినీళ్లన్నారు, తీరా చూస్తే పొద్దున ఓ గంట. డిసెంబర్ చలిలో అది చిన్న విషయం కాదు. పొలాలు పసుపుగా పూసే వలిసె పూల సీజన్‌లో రూములు దొరకడమే టెన్షన్, రేట్లు కూడా ఒక్కసారిగా పెరుగుతాయి. ముందే బుక్ చేసుకోండి, వేడినీళ్ల సంగతి ఫోన్‌లోనే తేల్చుకోండి.

వెళ్లేటప్పుడు విశాఖ నుంచి కిరండూల్ రైలెక్కండి, సొరంగాల దారి పిల్లలకి పండగే. అద్దాల బోగీ టికెట్లు త్వరగా అయిపోతాయి. తిరిగి రోడ్డు మీద రావాలంటే నాలుగింటికల్లా బయల్దేరాలి. చీకటి పడ్డాక అనంతగిరి ఘాట్‌లో పొగమంచు పడితే మలుపులు అసలు కనపడవు.