ఆర్కేడ్ మోజుకు బెంగళూరులో ఏది మేలు: కన్వెన్షనా, మాలా, ఇంట్లో క్యాబినెట్టా?

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే మన తెలుగువాళ్లలో నలభైకి దగ్గరపడ్డవాళ్లను కదిపితే చాలు, "ముస్తఫా" ఆట గురించి మొదలుపెడతారు. క్యాప్‌కామ్ 1993లో తెచ్చిన క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్‌కి మన ఊళ్లలో ఉన్న పేరది. వీడియో గేమ్ షాపులో (ఆర్కేడ్ అంటే అదే) బిళ్ల వేసి, ముగ్గురు ఒకే మెషిన్‌కి అతుక్కుపోయి ఆడిన ఆట. ఆ మోజు ఇంకా తీరనివాళ్లు ఇప్పుడు ఎటు వెళ్లాలి?

కన్వెన్షన్ అనగానే ఇక్కడ గుర్తొచ్చేది వైట్‌ఫీల్డ్‌లోని కేటీపీఓ ఎగ్జిబిషన్ హాల్లో జరిగే కామిక్ కాన్, అంటే కామిక్స్, సినిమా, గేమ్‌ల అభిమానుల జాతర. 2024లో నాడ్విన్ గేమింగ్ కామిక్ కాన్ ఇండియాను కొనేసింది. ఈ-స్పోర్ట్స్ కంపెనీ చేతికి వచ్చాక గేమింగ్‌కి పెద్దపీట వేయడంలో వింతేమీ లేదు. కాకపోతే ఆ చోటు ఎక్కువగా పీసీలకు, కన్సోళ్లకు, పోటీల స్టేజీలకే పోతుంది. పాత క్యాబినెట్ల కోసమే, అంటే తెర, జాయ్‌స్టిక్, బటన్లు బిగించిన ఆ నిలువు ఆట పెట్టెల కోసమే టికెట్ కొంటానంటే నేను వద్దంటాను.

అలాగని నిర్వాహకులను తిట్టి లాభం లేదు. అమెరికాలో కాలిఫోర్నియా ఎక్స్‌ట్రీమ్ అనే షో 1997 నుంచి నడుస్తోంది. అక్కడి మెషిన్లు కలెక్టర్లు సొంతంగా మోసుకొచ్చినవి. లోపలికి వెళ్లాక బిళ్లలు అక్కర్లేదు, ఎన్నిసార్లైనా ఆడుకోవచ్చు. అలాంటి షో ఒకటి ఉంటే, గ్యారేజీలో మూలనపడ్డ మెషిన్‌ని ఫలానా తేదీలోపు బాగుచేయాలన్న పట్టుదల కూడా వస్తుంది. పాత మెషిన్ అంటే ఊరికే కాదు మరి. ఆ "ముస్తఫా" ఒరిజినల్ బోర్డునే తీసుకోండి. అందులో ఒక చిన్న బ్యాటరీ ఉంటుంది, కాపీ కొట్టకుండా పెట్టిన తాళం లాంటిది. అది అయిపోతే బోర్డు సరిగా పనిచేయదు. దాన్ని మళ్లీ లేపడం తెలిసినవాళ్లు నలుగురు ఒకచోట చేరడమే అలాంటి షోల అసలు ఉపయోగం. మన దగ్గర షాపులు మూతపడ్డాక మెషిన్లు చాలావరకు పాత ఇనుము కిందికి పోయాయి. తెచ్చేవాడు లేనప్పుడు హాలు ఎంత పెద్దదైతే ఏం లాభం?

మాల్ సంగతి రెండు ముక్కల్లో చెప్పొచ్చు. మాల్‌లో ఉండే టైమ్‌జోన్ లాంటి గేమ్ సెంటర్లలో కారు రేసులు, డ్యాన్స్ మెషిన్లు, తుపాకీ ఆటలు ఉంటాయి. సీటు, స్టీరింగ్, కాళ్లకింద ప్యానెల్ ఉన్న ఆటలు ఇంట్లో పెట్టుకోలేం కాబట్టి వాటికి మాలే దిక్కు. మిగతా సగం హాలు టికెట్లు రాల్చే మెషిన్లది. పిల్లలు ఆ టికెట్లతో పెన్సిల్ డబ్బా గెలుచుకునే లోపు కార్డు ఖాళీ అవుతుంది.

పాత ఫైటింగ్, షూటింగ్ ఆటలే కావాలంటే ఇంట్లో క్యాబినెట్ చేయించుకోవడమే మేలని నా లెక్క. బెంగళూరులో ఉండటం ఇక్కడే కలిసొస్తుంది. ఎలక్ట్రానిక్స్ షాపుల ఎస్.పి. రోడ్‌లో ఒక పూట తిరిగితే రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటర్, వైర్లు, స్పీకర్లు, సెకండ్ హ్యాండ్ మానిటర్ దొరుకుతాయి. వైడ్ స్క్రీన్ కాకుండా పాత చదరపు మానిటరే అడగండి, ఆ ఆటల బొమ్మ దానికే సరిపోతుంది. ప్లైవుడ్ పని కార్పెంటర్‌కి అప్పజెప్పొచ్చు. డబ్బు మిగుల్చుకోకూడనిది జాయ్‌స్టిక్, బటన్ల దగ్గర. జపాన్ కంపెనీ సాన్వా బటన్ నొక్కాక చౌక కిట్ బటన్ మళ్లీ నొక్కబుద్ధి కాదు.

లోటుపాట్లు లేకపోలేదు. పాత తుపాకీ ఆటలు చాలావరకు పిక్చర్ ట్యూబ్‌లో గీతలు గీసే కిరణాన్ని పసిగట్టి గురి లెక్కేసేవి. మామూలు ఎల్‌సీడీ మీద ఆ తుపాకీ పనిచేయదు. పైగా పాత ఆటలను కంప్యూటర్‌లో ఆడించే ఎమ్యులేటర్ సాఫ్ట్‌వేర్ ఉచితమే అయినా, ఆటల హక్కులు కంపెనీలవే. కాబట్టి క్యాప్‌కామ్ లాంటివాళ్లు అమ్మే పాత ఆటల కలెక్షన్లు కొనుక్కుంటే మనశ్శాంతి.

కామిక్ కాన్‌కి వెళ్లొద్దని కాదు. ఫైటింగ్ గేమ్‌ల దగ్గర సొంత ఆర్కేడ్ స్టిక్ (జాయ్‌స్టిక్, బటన్లు ఉన్న చిన్న పెట్టె) పట్టుకుని ఎవరైనా కనిపిస్తే పలకరించండి. క్యాబినెట్ ఖర్చు పంచుకునే తోడు అక్కడే దొరకొచ్చు. ముగ్గురు ఆడే ప్యానెల్ చేయించాలనుకుంటే మాత్రం కార్పెంటర్‌కి అడ్వాన్స్ ఇచ్చే ముందే మీ అపార్ట్‌మెంట్ లిఫ్ట్ వెడల్పు కొలవండి.