ట్రై డేటాబేస్: మొక్కల కొలతలు కావాలంటే ముందు ఇక్కడ వెతకండి

ఎకాలజీలో కొత్తగా పీహెచ్‌డీ మొదలుపెట్టినవాళ్లు ఎవరు అడిగినా నేను ముందు చెప్పే పేరు ట్రై (TRY). జర్మనీలోని యెనాలో ఉన్న మాక్స్ ప్లాంక్ బయోజియోకెమిస్ట్రీ సంస్థ దీన్ని నడుపుతోంది, 2007లో మొదలైంది. ఆకు వైశాల్యం, ఆకులో నైట్రోజన్, కలప సాంద్రత, గింజ బరువు, చెట్టు ఎత్తు ఇలా ఎవరెవరో అడవులు పట్టుకు తిరిగి కొలిచి తమ కంప్యూటర్లలో దాచుకున్న లెక్కలన్నీ ఇక్కడ ఒకచోట చేరాయి. 2019లో వచ్చిన ఐదో వెర్షన్‌లోనే సుమారు కోటీ 18 లక్షల రికార్డులు ఉన్నాయి. అప్పటి నుంచి చాలావరకు అందరికీ ఓపెన్. అకౌంట్ చేసుకుని, కావలసిన లక్షణాలూ జాతులూ ఎంచుకుని రిక్వెస్ట్ పెడితే చాలు, పైసా అక్కర్లేదు.

నాకు బాగా నచ్చింది వీళ్ల పట్టింపు. వేపనే తీసుకోండి. కొలిచింది ఈనెకు అటూ ఇటూ ఉన్న పత్రకాలన్నీ (చిన్న చిన్న ఆకుల్లా కనిపించే ముక్కలు) కలిపిన పూర్తి ఆకునా, ఒక్క పత్రకాన్నా? తొడిమ కలిపారా, తీసేశారా? ఒక్కోదానికి విడిగా ఒక నంబర్ ఇచ్చారు, ఎలా కొలిచారో తెలియనివాటికి ఇంకో నంబర్. ఇవన్నీ కలిపేసి సగటు తీస్తే వచ్చే అంకెకి అర్థమే ఉండదు, అందుకే దయచేసి ఆ నంబర్లు చూడకుండా డౌన్‌లోడ్ కొట్టకండి.

వచ్చే ఫైల్ చాలా పెద్దది, ఎక్సెల్‌తో కుస్తీ పడొద్దు. ఆర్ (R) అనే ప్రోగ్రామింగ్ భాష కోసం వాళ్లే ఇచ్చే ఆర్‌ట్రై (rtry) ప్యాకేజీ వాడండి. ఒకే కొలత రెండు డేటాసెట్లలో ఉంటే అది డూప్లికేట్ అని గుర్తు పెట్టి ఉంటుంది, వాటిని తీసేయాలి. ఎర్రర్ రిస్క్ అనే కాలమ్ కూడా ఉంటుంది, ఆ విలువ మామూలు విలువలకి ఎంత దూరంగా ఉందో అది చెబుతుంది. 4 దాటితే అనుమానించాల్సిందే.

లోటు ఏమిటంటే, యూరప్ మొక్కలకి దొరికినంత సమాచారం ఉష్ణమండలం మొక్కలకి దొరకదు. కొలిచి పంపితేనే కదా చేరేది! నల్లమలలోనో పాపికొండల్లోనో పనిచేసినవాళ్ల దగ్గర పాత ఫీల్డ్ నోట్సు ఉంటే పంపించండి, ఎవరైనా ఇవ్వొచ్చు.

ఇంకోటి, పేపర్ రాసేటప్పుడు ట్రై పేరొక్కటే రాసి వదిలేయకండి. ప్రతి వరుసలోనూ అసలు డేటా ఎవరిదో రిఫరెన్స్ ఉంటుంది, ఆ పేర్లు కూడా వేయండి.