రంగనతిట్టు, మసినగుడి, ఊటీ: పిట్టల కోసం నాలుగు రోజులు

బెంగళూరు నుంచి పిట్టలు చూడ్డానికి వెళ్లే మనవాళ్లు ఊటీలో రెండు రాత్రులు ఉండి, మసినగుడిని ఒక్క పూటలో కానిచ్చేస్తారు. దాన్ని తిరగేయండి. మసినగుడికి రెండు రాత్రులు, ఊటీకి ఒకటి.

తెల్లారి 5 గంటలకల్లా నైస్ రోడ్డెక్కితే టిఫిను ముగించుకుని కూడా మొదటి పడవకు రంగనతిట్టు చేరొచ్చు. ముందురోజు సాయంత్రమే కదలగలిగితే శ్రీరంగపట్నంలో ఏటి ఒడ్డునున్న మయూర రివర్ వ్యూలో దిగడం ఇంకా సుఖం. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ సూచనతో 1940లో రక్షణ పొందిన ఈ కావేరి లంకల్లో జనవరి నుంచి మే దాకా గూళ్ల సందడి: ఎర్రకాళ్ల కొంగలు, తెడ్డుమూతి కొంగలు, గూడబాతులు. అందరితో కలిసి ఎక్కే పడవ చుట్టూ తిప్పి తెచ్చేస్తుంది. ఫొటోలు కావాలంటే ప్రత్యేక పడవ మాట్లాడుకోవాల్సిందే. వానాకాలంలో ఎగువ ఆనకట్ట నుంచి నీళ్లు వదిలితే పడవలే ఉండవు. ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి.

అక్కడి నుంచి మసినగుడికి వెళ్లే బందీపూర్ అడవి దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూత. లోపల బండి ఆపకూడదు. మసినగుడి, ఊటీ ఉన్న నీలగిరి జిల్లాకు 2024 మే నుంచి ఈ-పాస్ (ఆన్‌లైన్‌లో తీసుకునే ప్రవేశ అనుమతి) ఉండాలి. లీటరు, రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసాలు వెంట ఉంటే చెక్‌పోస్టులోనే పేచీ. స్టీలు సీసాలు పెట్టుకోండి.

నైరుతి వాన నీలగిరి కొండలకు అవతలే కురిసిపోవడంతో మసినగుడి అంతా ముళ్లపొదల మెట్టనేల, పక్కనే మోయార్ లోయ. రాబందుల కోసం తెల్లారే లేచి లాభం లేదు. నేల వేడెక్కి గాలి పైకి లేస్తేనే అవి లేస్తాయి, అంటే 9 దాటాలి. తెల్లవీపు రాబందుకు రెక్క కింద ముందుభాగం తెలుపు, వెనక నలుపు. ఒక్కసారి ఒరిగితే నడుము మీది తెల్లమచ్చ కనిపిస్తుంది. చలికాలంలో ఎండుటాకుల్లో పొన్నంగి పిట్ట తిరుగుతుంది. పొద్దునా సాయంత్రమూ ఆరింటి వేళ కూస్తుందని తమిళులు దాన్ని ఆరుమణి కురువి అంటారు. బస ఎంచుకునేటప్పుడు స్విమ్మింగ్ పూల్ సంగతి వదిలేసి, ఆవరణలో చెట్లూ పిట్టలకు నీళ్ల తొట్టీ ఉన్నాయా అని అడగండి. నైట్ సఫారీ తిప్పుతామనే చోటు మాత్రం వద్దు, అది చట్టవిరుద్ధం.

మసినగుడి నుంచి ఊటీకి కల్హట్టి ఘాట్ రోడ్డు, 36 హెయిర్‌పిన్ మలుపులు. బయటి బళ్లను ఎక్కనిస్తారు, దిగనివ్వరు. ఏసీ ఆపి ఒకటి, రెండు గేర్లలోనే ఎక్కండి, లేదంటే ఇంజను వేడెక్కుతుంది. తిరుగుదారి గూడలూరు మీదుగా.

2,637 మీటర్ల దొడ్డబెట్టకు జనం రాకముందే వెళ్లాలి. నీలగిరి లాఫింగ్‌త్రష్‌లు టీ కొట్ల దగ్గరే గెంతుతుంటాయి; బ్లాక్ అండ్ ఆరెంజ్ ఫ్లైక్యాచర్ షోలా అడవి (కొండ లోయల్లోని దట్టమైన అడవి) అడుగున, చీకటి పొదల్లో ఉంటుంది. అక్కడే 8x42 బైనాక్యులర్ (8 రెట్లు పెద్దగా చూపే, 42 మి.మీ. కటకం ఉన్నది) అక్కరకొస్తుంది. అది కంటికి 5.25 మి.మీ. వెలుగు వలయాన్ని అందిస్తే 10x42 అందించేది 4.2 మాత్రమే. పైగా పడవలో 10x పట్టుకుంటే బొమ్మ ఒకచోట నిలవదు.