లువాంగ్వా అడవిలో ఐదు రాత్రులు: బకెట్ స్నానం, కాలినడక సఫారీ

ముందు స్నానం సంగతి చెప్తాను, తిరిగొచ్చాక అందరూ అడిగింది అదే. సాయంత్రం మనం చెప్పిన టైముకి ఒకబ్బాయి కట్టెల పొయ్యి మీద కాచిన నీళ్లు తెచ్చి బకెట్‌లో పోసి, తాడుతో పైకి లాగి కట్టేసి వెళ్తాడు. బకెట్ అడుగునే షవర్. తల రుద్దుకునేటప్పుడు కుళాయి కట్టేయడం మర్చిపోతే నురగతోనే బయటికి రావాలి. మొదటి రోజు నా పని అదే అయింది. స్నానాల గదికి పైకప్పు లేదు, చుట్టూ రెల్లు దడి, అవతల ఏవో కొమ్మలు విరుస్తున్న చప్పుడు. ఏనుగట.

ఇది జాంబియాలోని సౌత్ లువాంగ్వా నేషనల్ పార్క్, మేం వెళ్లింది సెప్టెంబరు చివర్లో. దుబాయ్ మీదుగా లుసాకా, అక్కణ్ణుంచి చిన్న విమానంలో పార్క్ దగ్గరి ఊరు మ్ఫువే. ఆ విమానంలో సామాను బాగా తక్కువ తీసుకెళ్లనిస్తారు, అదీ మెత్తటి బ్యాగుల్లోనే. ఆవకాయ సీసా కోసం నేను ఒక జత బూట్లు ఇంట్లో వదిలేశాను, తప్పుడు లెక్కేం కాదు.

రెండు రాత్రులు పార్క్ గేటు దగ్గర పెద్ద లాడ్జిలో ఉన్నాం, మూడు రాత్రులు జీపులో మూడు గంటలు లోపలికి వెళ్తే వచ్చే చిన్న క్యాంపులో. లాడ్జిలో ఫ్యాన్, ఈతకొలను, సిగ్నల్ అన్నీ ఉన్నాయి. రాత్రి సఫారీలో స్పాట్‌లైట్ వేస్తే మొదటి రోజే చిరుతపులి కనిపించింది, కానీ దాని చుట్టూ ఏడు జీపులు. క్యాంపులో చిరుత కనిపించనే లేదు, రెండో జీపూ కనిపించలేదు.

క్యాంపంటే ఐదు పాకలు, అంతా కర్ర, గడ్డి, రెల్లు. వానలకి నది పొంగి దారులు మూసుకుపోతాయి కాబట్టి ఏటా విప్పేసి, నీళ్లు తీశాక మళ్లీ కడతారు. సిమెంటు లేదు. ఎకో ఫ్రెండ్లీ అని క్యాంపు వాళ్లు చెప్పుకున్నందుకు నేను మార్కులేసేది దీనికే. సోలార్ లైట్లు కూడా బాగానే పనిచేశాయి, కానీ వంటపాక వెనక ఫ్రీజర్ కోసమని డీజిల్ జనరేటర్ సాయంత్రాలు కొట్టుకుంటూనే ఉంది, దాని ఊసు ఎక్కడా చెప్పలేదు. మాకు బుక్ చేసిన ఏజెంటు అయితే పార్క్ ఫీజు విడిగా కట్టాలన్న ముక్క కూడా చెప్పలేదు.

అసలు సంగతి నడక. కాలినడక సఫారీలకి ఈ లోయ పుట్టినిల్లు లాంటిది. నార్మన్ కార్ అనే ఆయన 1950లో న్సేఫు అనే ఇక్కడి తెగ పెద్దని ఒప్పించి పర్యాటకుల క్యాంపు పెట్టాడు, వచ్చిన డబ్బులో వాటా ఆ తెగ ఊళ్లకే వెళ్లేది. ఇప్పటికీ నడకలో ముందు తుపాకీతో స్కౌటు (అడవి కాపలా మనిషి), వెనక గైడు, ఆ వెనక మనం, ఒకే వరసలో. గైడు చేతిలో చిన్న గుడ్డ సంచిలో బూడిద ఉంటుంది. అడుగడుక్కీ దాన్ని దులిపి గాలి ఎటుందో చూస్తాడు. ఒకచోట బూడిద మా ముందుకే పోయింది, అతను చెయ్యెత్తి ఆపాడు. అరవై గజాల దూరంలో పిల్లతో ఏనుగు, తొండం పైకెత్తి మా వాసన పట్టేసింది. ఎవరం గుటక కూడా మింగలేదు. రెండు నిమిషాలకి అదే పక్కకి తిరిగి వెళ్లిపోయింది, నా మోకాళ్లు మాత్రం క్యాంపు చేరేదాకా వణుకుతూనే ఉన్నాయి.

శాకాహారులకి రెండు రోజులు పాస్తానే పెట్టారు. మూడో రోజు సిబ్బంది తినేదే పెట్టమన్నాం: న్షిమా అంటే మొక్కజొన్న పిండి సంకటి, దాంట్లోకి వేరుశనగ పొడి వేసి వండిన గుమ్మడాకు కూర. ఆ ట్రిప్పు మొత్తంలో కడుపు నిండిన భోజనం అదే. ఆవకాయ వంటతనికి ఇచ్చేసి వచ్చాం.

నీలం, నలుపు బట్టలు తీసుకెళ్లకండి, త్సేత్సే ఈగలు వాటికోసమే వస్తాయి, జీన్స్ మీంచి కూడా కుడతాయి. మలేరియా మాత్రల గురించి డాక్టర్ని ముందే అడగండి. సెప్టెంబరు చివరికి మధ్యాహ్నం ఎండ రెంటచింతలని గుర్తు చేస్తుంది, పాకలో ఫ్యాన్ లేదు, తడి తుండు కప్పుకుని పడుకోవడమే. కానీ నది గట్టుకి బొరియలు చేసుకునే ఎర్రటి కార్మైన్ పిట్టలు వందలకొద్దీ కనిపించేది కూడా ఆ నెలల్లోనే. నేనైతే మళ్లీ సెప్టెంబరుకే వెళ్తాను, లాడ్జి ఒక్క రాత్రి చాలు.