పెద్దకూర స్లైడర్లు: ఓవెన్ రోస్టా, పసందాలా, కుక్కరా? ఏది మేలు?

రోస్ట్ బీఫ్ స్లైడర్లు ఇంట్లో చేద్దామనుకోగానే అందరూ అడిగేది ఒక్కటే, ఓవెన్ ఉందా అని. అది తర్వాత చూసుకోవచ్చు. ముంచుకునే గిన్నెలో ఏం పోస్తారో ముందు తేల్చుకోండి. మాంసం ఎట్లా వండాలి, ఏ బన్ను తేవాలి, అసలు ఓవెన్ కావాలా వద్దా అన్నవన్నీ దాని వెనకే తేలిపోతాయి.

ఎప్పుడూ తినని వాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. అరచేతిలో ఇమిడే చిన్న బన్నులు ఒకదానికొకటి అతుక్కొని పలకగా వస్తాయి. ఆ పలకను విడదీయకుండా అడ్డంగా కోసి, కింది సగం మీద పల్చటి మాంసం పొరలు, చీజ్ పరిచి, పై సగం కప్పి, వెన్న పూసి ఓవెన్‌లో పెడతారు. పక్కన గిన్నెలో మాంసం నుంచి దిగిన రసం వేడివేడిగా ఉంటుంది. అమెరికాలో చిన్న బర్గర్లను ఇంటింటికీ తెలిసేట్టు చేసింది 1921లో కాన్సాస్ రాష్ట్రంలోని విచిటాలో మొదలైన వైట్ కాసిల్. మాంసం రసంలో ముంచి తినే శాండ్‌విచ్ మాత్రం లాస్ ఏంజెలెస్‌ది. అక్కడ ఫిలిప్స్, కోల్స్ అనే రెండు హోటళ్లు, రెండూ 1908లో తెరిచినవే, అది మాదంటే మాదని దశాబ్దాల పాటు వాదించుకున్నాయి. ఈ రెండు అలవాట్లూ కలిసిందే మనం మాట్లాడుకుంటున్న వంట.

అమెరికా వాళ్లకు ఒక సుఖముంది. రోస్ట్ చేసి, కాగితమంత పల్చగా కోసిన మాంసం అక్కడ దుకాణంలోనే దొరుకుతుంది. పన్నెండు బన్నులకు అరకిలోకు కాస్త తక్కువ కొనుక్కొచ్చి పరిస్తే సగం పని అయిపోయినట్టే. నల్లగొండలోనో పాలమూరులోనో మనకు దొరికేది పొద్దున కోసిన పచ్చి పెద్దకూర. ఆవును కోయడం 1977 చట్టం ప్రకారం నిషేధం కాబట్టి ఇక్కడ మనం మాట్లాడేది బర్రె, దున్న మాంసం గురించే. వండితే బరువులో మూడో వంతు దాకా పోతుంది. అందుకే పన్నెండు పావ్ బన్నులకు బొక్కలు లేని కూర కిలోకు తక్కువ తీసుకోవద్దు.

ఇక అసలు పోటీ. మన దగ్గర మాంసానికి మూడు దారులున్నాయి.

ఒకటి, పుస్తకంలో ఉన్నట్టు పెద్ద తునకను ఓవెన్‌లో రోస్ట్ చేసి పల్చగా కోయడం. ఫొటోలో ఇదే అందంగా ఉంటుంది. కానీ ఆ పద్ధతి పుట్టింది లేత పశువుల మాంసం మీద. అక్కడ ధాన్యం పెట్టి మేపిన పశువును చిన్న వయసులోనే కోస్తారు, కండ మధ్యలో కొవ్వు చారలుంటాయి, కోసిన మాంసాన్ని చల్లటి గదిలో రోజుల తరబడి నిల్వ ఉంచి మెత్తబడనిస్తారు. మన దగ్గర కొట్టుకు వచ్చేది చాలాసార్లు పాలు మానేసిన ముసలి బర్రె. కండలో కొవ్వు తక్కువ, నార ఎక్కువ. పైగా వాళ్లు లోపల గులాబీ రంగు ఉండగానే దించేస్తారు. అమెరికా ప్రభుత్వం చెప్పే లెక్క కూడా పెద్ద తునకకు లోపల 63 డిగ్రీలు వచ్చాక మూడు నిమిషాలు పక్కన పెట్టమనే. పొద్దుటి నుంచి కొక్కేనికి వేలాడిన మాంసంతో ఆ ధైర్యం నేను చేయను, మిమ్మల్నీ చేయమనను. పూర్తిగా ఉడికేదాకా ఓవెన్‌లోనే ఉంచుదామా అంటే అది ఎండి, నమలలేనంత గట్టిపడుతుంది. అండర్‌కట్, అంటే నడుము లోపలి లేత కండ, దొరికితే కొంత నయం. అది ఒక పశువుకు కొంచెమే వస్తుంది, ముందుగా చెప్పి పెట్టుకుంటే తప్ప మీ దాకా రాదు. అన్నిటికంటే పెద్ద లోపం ఇంకొకటి. ఓవెన్ రోస్ట్ చేస్తే పళ్లెం అడుగున మిగిలేది రెండు చెంచాల రసం. పన్నెండు స్లైడర్లు దేంట్లో ముంచాలి?

రెండోది పసందాలు. ఇది మన కొట్టులో ఉన్న సౌకర్యం, దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. "అన్నా, కిలో కూర కొట్టు" అనగానే కత్తి టకటకా ఆడుతుంది, రెండు నిమిషాల్లో అంతా కూర తునకలైపోతుంది. అట్లా కాకుండా కత్తి లేవకముందే "తొడలకెళ్లి తీసి పసందాలు కొట్టియ్యే" అనండి. తొడ కండను పీట మీద పెట్టి, అరచేతితో అదిమి పట్టి, వెడల్పు పొరలుగా తీసి, కత్తి వెనక భాగంతో దంచి ఇస్తారు. ఆ పొరలకు ఉప్పు, మిరియాల పొడి, ఒక చెంచా పచ్చి బొప్పాయి ముద్ద పట్టించి అరగంట ఉంచి, పెనం మీద కాల్చి, మూతపెట్టి మెత్తబడనిస్తే పల్చటి రోస్ట్ బీఫ్‌కు దగ్గరగా వస్తుంది. బొప్పాయి గంటలు గంటలు ఉంచితే మాంసం పైన పిండిలా అయిపోతుంది, జాగ్రత్త. రుచిలో, కొరికినప్పుడు తెలిసే పొరల్లో పసందాదే పైచేయి. రసం విషయంలో మాత్రం ఇదీ ఓవెన్ లాగానే చేతులెత్తేస్తుంది. ముంచుకోవడానికి పెరుగు చట్నీ లాంటిది చాలనుకునే వాళ్లకు పసందా చాలు.

మూడోది కుక్కర్. చూడ్డానికి ఇదే అన్నిటికంటే నాసిరకం, రోస్ట్ అనే పేరుకు కూడా సరిగా నప్పదు. అయినా నా ఓటు దీనికే, ఎందుకంటే మాంసమూ శేర్వా ఒక్క గిన్నెలో వచ్చేది దీంట్లోనే. కుక్కర్‌లో ఆవిరి వేడి 120 డిగ్రీల దగ్గరికి పోతుంది. ముసలి పశువు కండలో ఉండే నార ఆ వేడికి కరిగి జిగురుగా మారుతుంది. ఓవెన్ రోస్ట్‌కు శత్రువైన ఆ నారే ఇక్కడ శేర్వాకు చిక్కదనం ఇస్తుంది, ముంచినప్పుడు బన్నును అంటుకుంటుంది. లేత మాంసంతో ఇది రాదు.

అందుకే కొట్టులో ఖరీదైన భాగం అడగొద్దు. తొడ, మోకాలి కింది పిక్క అడగండి. వాటితోపాటు రెండు నల్లి బొక్కలు. తునకలు పిడికిలంత ఉండాలి, చిన్నగా కొట్టిస్తే నారలుగా విడదీయడానికి ఏమీ మిగలదు. నీళ్లు ఒత్తేసి, బట్టతో తుడిచి, ఉప్పు, దంచిన మిరియాలు పట్టించి కుక్కర్‌లోనే నూనె బాగా కాగాక కొన్ని కొన్నిగా వేయండి. అన్నీ ఒకేసారి కుమ్మరిస్తే నీరు ఊరి ఉడుకుతాయే తప్ప ఎర్రబడవు. అడుగు ముదురు గోధుమ రంగు తేలాక తునకలు తీసి, అదే నూనెలో నాలుగు ఉల్లిగడ్డలు నిలువుగా కోసినవి, ఎల్లిగడ్డ ఒక గడ్డ మొత్తం వేసి ఓపిగ్గా వేయించాలి. శేర్వా రంగంతా ఈ ఉల్లిగడ్డలోదే. గ్లాసు నీళ్లు పోసి అడుగు గీకి, మాంసం, బొక్కలు వేసి, ఇంకో రెండు గ్లాసులు పోసి మూత పెట్టండి. ఒక కూత వచ్చాక మంట తగ్గించి ముప్పావు గంట. ఆవిరి దానంతట అదే దిగాలి.

ఇక్కడ చేయి ఊరుకోదు. అల్లం, గరం మసాలా, ధనియాల పొడి డబ్బాలు ఎదురుగానే ఉంటాయి. వేశారంటే అది మంచి కూరే అవుతుంది కానీ చీజ్ కింద ఆ మసాలా చేదెక్కినట్టు తోస్తుంది. మిరియాలు, ఒక బగారా ఆకు, అంతే. కారం తప్పదు అనుకుంటే రెండు ఎండు మిరపకాయలు తుంచకుండా వేయండి.

మాంసం గోరువెచ్చగా ఉండగానే ఫోర్కుతో నారలుగా విడదీసి, రెండు గరిటెల శేర్వా కలిపి పక్కన పెట్టండి. మిగిలిన శేర్వా వడకట్టి, తేలిన కొవ్వు తీసేసి, మూడో వంతు తగ్గేదాకా మరిగించాలి. ఫ్రిజ్‌లో పెట్టే తీరిక ఉంటే కొవ్వు పైన తెల్లగా పేరుకుంటుంది, చెంచాతో ఎత్తేయొచ్చు. ఉప్పు మరిగాకే చూడండి, ముందే సరిపోయిందంటే చివరికి కటిక ఉప్పవుతుంది. అమెరికా వాళ్లు ఇందులో వూస్టర్ సాస్ వేస్తారు. దాంట్లో ఉండేది వెనిగర్, బెల్లపు పాకం లాంటి మొలాసిస్, చింతపండు, నిల్వ చేపలు. చేపలు మనం వదిలేద్దాం. చెంచా సోయా సాస్, అర చెంచా చిక్కటి చింతపండు గుజ్జు, చిటికెడు బెల్లం, నాలుగు చుక్కల వెనిగర్ వేస్తే పని జరిగిపోతుంది. చింతపండు ఒక్క పిసరు ఎక్కువైనా పులుసు వాసన వస్తుంది.

శేర్వాకు పోటీగా చెప్పుకునేది తెల్ల సాస్. అక్కడ మయోనైజ్‌లో హార్స్‌రాడిష్ అనే ఘాటు దుంప తురిమి కలుపుతారు. మన తెలంగాణలో పచ్చి గుడ్డు మయోనైజ్‌ను 2024 అక్టోబరు చివర్లో ఏడాది పాటు నిషేధించారు. నిషేధం సంగతి ఎట్లా ఉన్నా, ఎండల్లో ఇంట్లో పచ్చి గుడ్డు గిలకొట్టి గంటల తరబడి బయట పెట్టేది మంచి పని కాదు. గట్టి పెరుగును బట్టలో వేలాడదీసి వాడితే చాలు. ఘాటుకు హార్స్‌రాడిష్ కోసం వెతకొద్దు. దాంట్లో ముక్కుకెక్కే పదార్థం ఆవాలలోనూ ఉంది. ఆవపిండిని చల్లటి నీళ్లలో తడిపి పది నిమిషాలు ఉంచితే ఘాటు పుడుతుంది. వేడి నీళ్లు పోస్తే పుట్టదు. దాన్ని పెరుగులో కలిపి, పిండిన ముల్లంగి తురుము, ఉప్పు వేయండి. పసందా స్లైడర్లకు ఇది జోడీ. కుక్కర్ మాంసానికి మాత్రం లోపల పల్చగా పూయడానికే పనికొస్తుంది, ముంచుకోవడానికి కాదు. పచ్చిపులుసులో ముంచి తిన్నవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. చీజ్‌తో కలిపి అదేం రుచో నాకైతే అర్థం కాలేదు, వాళ్లు మాత్రం గిన్నె ఖాళీ చేశారు.

బన్ను సంగతికొస్తే బేకరీలో రెండు రకాలు దొరుకుతాయి, పావ్, తీపి బన్ను. అమెరికాలో వాడే హవాయి రోల్స్ మెత్తగా, తియ్యగా ఉంటాయి కాబట్టి దగ్గరి చుట్టం తీపి బన్నే. మిరియాల శేర్వాకు ఆ తీపి బాగుంటుంది. కానీ అది శేర్వాలో పెట్టగానే చితికిపోతుంది. పావ్ నిలబడుతుంది, అందులోనూ నిన్నటి పావ్. పిల్లలు తినేదైతే తీపి బన్ను, ముంచుడే ముఖ్యమైతే పావ్. ఏదైనా సరే, కింది సగానికి వెన్న రాసి ముందుగా ఐదు నిమిషాలు కాల్చండి, లేకపోతే అడుగు నాని చేతిలోనే ఊడిపోతుంది.

చీజ్‌కు పెద్ద చర్చ అక్కర్లేదు. మోజరెల్లా సాగుతుంది కానీ చప్పన, స్లైస్ చీజ్ ఉప్పగా ఉంటుంది కానీ చక్కగా కరుగుతుంది. సగం సగం వేయండి. పైన పూసే అమూల్ వెన్నలో ఉప్పు ఉంటుంది, లెక్కలో పెట్టుకోండి.

ఇప్పుడు ఓవెన్. ఓటీజీ, అంటే కరెంటు మీద నడిచే చిన్న ఓవెన్, ఉంటే 180 డిగ్రీల దగ్గర, పైన రేకు కాగితం కప్పి పన్నెండు నిమిషాలు, తీసేసి ఇంకో ఐదు. పైభాగం నిగనిగలాడుతూ ఎర్రగా వస్తుంది, అది గ్యాస్ మీద రాదని ఒప్పుకోవాల్సిందే. కానీ ఓటీజీ ఇన్వర్టర్ మీద నడవదు, చాలా ఇళ్లలో ఉన్న చిన్నదాంట్లో ఒక పలకే పడుతుంది. అడుగు మందంగా ఉన్న పెద్ద గిన్నెను పది నిమిషాలు సన్న మంట మీద వేడిచేసి, లోపల స్టాండ్ వేసి, పళ్లెంలో పలక పెట్టి మూత మూస్తే పదిహేను నిమిషాల్లో చీజ్ కరుగుతుంది. రంగు కోసం ఒక పని చేయండి. పావ్ పై సగాన్ని ముందే వెన్న వేసిన పెనం మీద బోర్లా పెట్టి ఎర్రగా కాల్చి, తర్వాత కప్పండి. మాంసం ముందే ఉడికింది కాబట్టి ఓవెన్ ఇక్కడ చేసేది చీజ్ కరిగించడం, పావ్ కాల్చడం మాత్రమే. దీనికోసం కొత్త ఓవెన్ కొనొద్దు. కేవలం మైక్రోవేవ్ ఉన్నవాళ్లు గ్యాస్ మీదే చేసుకోండి, మైక్రోవేవ్‌లో పావ్ మెత్తబడి, చల్లారగానే రబ్బరులా సాగుతుంది.

పెద్దకూర గడప దాటని ఇళ్లూ మన దగ్గర బోలెడు. వాళ్లకు మటన్ భుజం అదే పద్ధతిలో పనికొస్తుంది, కుక్కర్‌లో అరగంట చాలు. ఖర్చు బాగా పెరుగుతుంది, శేర్వా వాసన గట్టిగా ఉంటుంది, కొవ్వు త్వరగా పేరుకుంటుంది కాబట్టి గిన్నె కింద వేడి ఉండాలి. బ్రాయిలర్ కోడి మాత్రం దండగ, దాని రసంలో ముంచినా ముంచకున్నా ఒకటే. కోడే కావాలంటే నాటుకోడి తెచ్చుకోండి.

క్రిస్మస్‌కో దావత్‌కో పాతిక మందికి చేసేటప్పుడు మాంసం, శేర్వా ముందురోజే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, మర్నాడు పొద్దున కొవ్వు తీయడం కూడా తేలిక. పలకలు మాత్రం వచ్చినవాళ్లు కూర్చున్నాకే పొయ్యి ఎక్కాలి. శేర్వా తళతళా మరిగించి చిన్న గిన్నెల్లో పోసి మనిషికొకటి ఇవ్వండి, అందరికీ ఒకే గిన్నె పెడితే కొరికిన పావ్‌లన్నీ అందులోనే మునుగుతాయి.